కవరు మూల మడిచారా?

అందరికీ నమస్కారం. డాలస్‌లో ఉంటూ బాస్కెట్‌బాల్ గురించి మాట్లాడాలంటే నాకు కాస్త భయమే. మన డాలస్ టీమ్ మావరిక్స్ తన స్టార్ ఆటగాడు లూకా డాన్చిచ్‌ని లాస్ ఏంజెలెస్ టీమ్ లేకర్స్‌కి ఇచ్చేసిన మంట ఇక్కడ చాలా ఇళ్ళలో ఇంకా చల్లారలేదు. 2025 ఫిబ్రవరిలో ఆ ట్రేడ్ జరిగింది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఏటా టీమ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకుంటాయి, అదే డ్రాఫ్ట్; మొదటి వంతు, అంటే మొదటి పిక్, ఎవరిదో లాటరీ తీసి తేలుస్తారు. మే నెలలో ఆ లాటరీ తీస్తే, 1.8 శాతం అవకాశం మాత్రమే ఉన్న మావరిక్స్‌కి మొదటి పిక్ తగిలింది. ఆ ఏడు అందరూ కోరుకున్న కుర్రాడు కూపర్ ఫ్లాగ్ మన ఊరొచ్చాడు. మర్నాడు ఎక్కడ చూసినా ఒకటే మాట: లూకా పోయినందుకు లీగ్ వాళ్ళు నష్టపరిహారం ఇచ్చారని.

ఈ అనుమానం ఇవాళ్టిది కాదు. 1985లో న్యూయార్క్‌లోని ఒక హోటల్లో మొట్టమొదటి లాటరీ తీశారు. ప్లేఆఫ్స్‌కి రాని ఏడు టీమ్‌ల పేర్లు ఏడు కవర్లలో పెట్టి, లోపల ఏముందో కనిపించే గుండ్రటి డ్రమ్ములో వేశారు. వేస్తుంటే ఒక కవరు అంచుకి ఠపీమని కొట్టుకుంది. కమిషనర్ డేవిడ్ స్టెర్న్ చెయ్యి పెట్టి తీశారు. మొదటి పిక్ న్యూయార్క్ టీమ్ నిక్స్‌కి, అంటే అందరూ కోరుకున్న కాలేజీ స్టార్ పాట్రిక్ యూయింగ్ న్యూయార్క్‌కే. ఇంకేముంది! మూల వంగింది కాబట్టి చేతికి తెలిసిందని కొందరు, చేతికి చల్లగా తగిలేలా నిక్స్ కవర్ని ఫ్రీజర్లో పెట్టి తెచ్చారని ఇంకొందరు. లీగ్ పెద్దాయనే చెయ్యి పెట్టి తీయడం నాకూ నచ్చలేదు. కానీ ఆ రోజు నిక్స్ అవకాశం ఏడింట ఒకటి, అంటే 14.3 శాతం. 2025లో అట్టడుగు టీమ్‌కి ఇచ్చింది కూడా 14 శాతమే. అదేమీ జరగరాని వింత కాదు.

ఇప్పుడు కవర్లు కాదు, గాలి మిషన్లో 14 బంతులు. ఇదిగో, ఈ సంచీలో 1 నుంచి 14 దాకా హౌసీ బిళ్ళలున్నాయి. పాపా, ఇలా వచ్చి నాలుగు తీయమ్మా. 2, 5, 9, 13. వరసతో పని లేదు. ఇలాంటి నాలుగేసి జతలు మొత్తం 1001 వస్తాయి. ఒకటి పక్కన పెట్టి, మిగతా వెయ్యి టీమ్‌లకి పంచుతారు. మిషన్లోంచి వచ్చిన నాలుగు ఎవరివైతే వాళ్ళదే మొదటి పిక్. 2025లో డాలస్‌కి వచ్చినవి 18.

ఈ పాప తీసిన నాలుగే రావడానికి 1001లో ఒక్క ఛాన్స్. అయినా మీలో ఎవరూ నన్ను అనుమానంగా చూడలేదు. 2, 5, 9, 13 వెనకాల కథేమీ లేదు మరి. డాలస్‌కి ఉంది. అదే శాన్ ఆంటోనియో గెలిచి ఉంటే? అక్కడున్న కుర్ర స్టార్ వెంబన్యామా పక్కన ఫ్లాగ్‌ని కావాలనే కూర్చోబెట్టారనేవాళ్ళం. ఫిలడెల్ఫియా గెలిస్తే, పెద్ద ఊరు, టీవీ డబ్బులు. 17 మ్యాచ్‌లే గెలిచిన యూటాకి వచ్చుంటే ఎవరూ నోరెత్తరు. కానీ యూటాకి రాకపోవడానికే 86 శాతం అవకాశం!

నన్ను కాస్త ఇబ్బంది పెట్టేది క్లీవ్‌లాండ్. 2011, 2013, 2014, నాలుగేళ్ళలో మూడుసార్లు మొదటి పిక్ దానికే. ఆ మూడేళ్ళ అవకాశాలు 22.7, 15.6, 1.7 శాతాలు గుణిస్తే సుమారు 1,660లో ఒకటి. వినగానే ఒళ్ళు జలదరిస్తుంది. అయితే ఈ లెక్క మనం ముందు కట్టలేదు, వచ్చాక కట్టాం. 30 టీమ్‌లు, ఇన్నేళ్ళ లాటరీలు, ఎక్కడో ఒకచోట ఇలాంటి ముడి పడకుండా ఉండటమే కష్టం. మధ్యలో 2012లో క్లీవ్‌లాండ్‌కి రాలేదన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

రిగ్గింగ్ అని నేను నమ్మను. అలాగని లీగ్‌ని వెనకేసుకురాను. అసలు డ్రా తీసేది ఒక మూసిన గదిలో. టీమ్‌ల ప్రతినిధులు, కొందరు విలేకరులు, ఆడిట్ సంస్థ మనిషి ఉంటారు, ఫోన్లు బయటే ఇచ్చేయాలి. అది అయిపోయాక మనకి టీవీలో లైవ్‌గా చూపించేది ఫలితాలు పెట్టిన కవర్లు విప్పడం! బంతుల వీడియో ఆ తర్వాత పెడతారు. ఆ బంతులు ఎగరడమే లైవ్‌లో చూపిస్తే పోయేదానికి ఈ టెన్షన్ అంతా దేనికి?

సరే, ఇక మీ ప్రశ్నలు. పాపా, ఆ నాలుగు బిళ్ళలూ సంచీలో వేసెయ్యమ్మా. లేకపోతే శనివారం హౌసీలో మీ ఆంటీలు నన్ను నిలదీస్తారు.