డబ్‌స్టెప్: అడుగు స్వరానికి చెవి ఒగ్గి

అందరికీ నమస్కారం.

మాటల్లోకి వెళ్లే ముందు మీకు ఒక డబ్‌స్టెప్ పాట, అంటే లండన్‌లో పుట్టిన ఒక ఎలక్ట్రానిక్ సంగీతపు పాట, వినిపిస్తాను. ఇందులో గాయకులెవరూ లేరు. డ్రమ్ములు, సింథసైజర్, వాటి అడుగున ఒక బేస్, అంటే అన్నిటికన్నా లోతైన స్వరం, అంతే. ముందుగా దీన్ని నా ఫోనులోంచే వినండి. ఫోనును మైకు దగ్గర పెడుతున్నాను.

విన్నారు కదా. గులకరాళ్లు రాలినట్టు హైహ్యాట్ అనే జంట తాళాల సన్నని చప్పుళ్లు, ఉండి ఉండి పిడికిలితో తలుపు కొట్టినట్టు ఒక దెబ్బ, వాటి మధ్య బోలెడు ఖాళీ. ఇందులో ఏముందని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు నాకూ అలాగే అనిపించింది. సగంలో ఆపేసి, ఈ సంగీతం నాకు పట్టదని తీర్మానించుకున్నాను. ఆ తీర్మానం కొన్నేళ్లు నిలిచింది.

ఇప్పుడు అదే ముక్కను ఈ పెద్ద స్పీకర్లలో వినండి.

మనం ఖాళీ అనుకున్న చోటే పాట ఉంది. ఆ చోటును ఫోను మనకు వినిపించలేదు, అంతే. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. డబ్‌స్టెప్‌కు ప్రాణమైన సబ్‌బేస్, అంటే బేస్‌లోకెల్లా అడుగున ఉండేది, ఎక్కువగా 30కీ 60 హెర్ట్జ్‌కీ మధ్య తిరుగుతుంది. ఫోనులోని స్పీకరు గోరంత. 50 హెర్ట్జ్ స్వరానికి గాలిలో ఒక్కొక్క తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. అంత పెద్ద తరంగాన్ని పుట్టించాలంటే చాలా గాలిని కదిలించాలి. గోరంత స్పీకరుకు ఆ శక్తి ఎక్కడిది?

మరి మిగతా పాటల్లోని బేస్ గిటారు ఫోనులో కూడా కొంత తెలుస్తుంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే. గిటారు తీగ మోగినప్పుడు అడుగు స్వరంతో పాటు దాని రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్ల స్వరాలు కూడా పుడతాయి. అడుగు స్వరం అందకపోయినా, ఆ పై స్వరాలను బట్టి మెదడు దాన్ని ఊహించుకుని పూరిస్తుంది. మన వినికిడిలోని గొప్ప విద్యల్లో ఇదొకటి. తొలినాళ్ల డబ్‌స్టెప్‌లోని సబ్‌బేస్ చాలాచోట్ల పై స్వరాలు దాదాపుగా లేని శుద్ధ తరంగం. మెదడు ఊహించుకోవడానికి ఆధారమే ఉండదు. స్పీకరు వినిపిస్తే ఉంది, లేకపోతే లేదు.

నాకు ఆ సంగతి ఎలా తెలిసిందో చెబుతాను. ఒక మిత్రుడి ఇంట్లో పెద్ద స్పీకర్ల ముందు కూర్చుని ఉన్నాను. శబ్దం ఏమంత ఎక్కువగా లేదు, మేం మామూలుగా మాట్లాడుకుంటున్నాం. స్పీకరుకు ముందున్న వల తీసి ఉంది. లోపలి నల్లటి శంకువు ముందుకూ వెనక్కూ ఊగుతోంది. ఆ ఊపు కంటికి కనిపిస్తోంది, చెవికి మాత్రం శబ్దమని చెప్పదగినది అందడం లేదు. బల్ల మీది గ్లాసులో నీళ్లు వలయాలు కడుతున్నాయి. అరచేతిని స్పీకరు పెట్టె మీద ఉంచాను. అప్పుడు తెలిసింది రాగం. పైకి ఒక మెట్టు, కిందికి రెండు మెట్లు, మళ్లీ మొదటి చోటికి. నేను ఖాళీ అనుకుని వదిలేసిన పాటే అది.

ఇక నడక సంగతి. డబ్‌స్టెప్ సుమారుగా నిమిషానికి 140 దెబ్బల వేగంతో నడుస్తుంది. నాలుగు దెబ్బల ఆవర్తం పూర్తి కావడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. లెక్క ప్రకారం ఇది పరుగు. కానీ ఇప్పుడు విన్న పాటలో మీకు పరుగు వినిపించిందా? మీ తలలు నింపాదిగా ఊగడం ఇక్కడి నుంచి చూశాను. చాలా పాటల్లో స్నేర్ అనే డ్రమ్ము దెబ్బ రెండు, నాలుగు లెక్కల మీద పడుతుంది. ఇక్కడ మూడో లెక్క మీద ఒక్కసారే పడుతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ ఒక్క దెబ్బ కోసం ఎదురుచూడటంతో శరీరం 70 వేగాన్ని పట్టుకుంటుంది. హైహ్యాట్లు మాత్రం 140లోనే గలగలమంటూ ఉంటాయి. ఒకే తాళాన్ని రెండు కాలాల్లో ఒకేసారి వేస్తున్నట్టన్నమాట. ఇంటికి వెళ్లాక తలను నెమ్మది కాలంలో ఊపుతూ, వేళ్లతో వేగపు కాలాన్ని బల్ల మీద తట్టి చూడండి. అది కుదిరిన క్షణంలో ఈ సంగీతం తలుపు తెరుచుకుంటుంది.

పేరులోని రెండు ముక్కల్లోనే దీని పుట్టుక ఉంది. డబ్ జమైకాలోని కింగ్‌స్టన్ నుంచి వచ్చింది. 1970ల తొలినాళ్లలో కింగ్ టబ్బీ అనే ఎలక్ట్రానిక్స్ మెకానిక్, రెగే అనే జమైకా సంగీతంలో రికార్డయిన పాటలోంచి గొంతును తీసేసి, డ్రమ్ములనూ బేస్‌నూ ముందుకు తెచ్చి, అక్కడక్కడ ఒక మాటనో గిటారు మీటునో ప్రతిధ్వనిలోకి వదిలేవాడు. అప్పటిదాకా మిక్సింగ్ బల్ల శబ్దాలను సరిచూసే పరికరం. ఆయన చేతిలో అది వాద్యమైంది. పాట అంటే చేర్చుకుంటూ పోవడమని అందరూ అనుకుంటున్న రోజుల్లో, తీసేసి కూడా పాట కట్టవచ్చని ఆయన చూపించాడు. నా మటుకు నాకు గత శతాబ్దపు సంగీతంలో ఇంతకు మించిన ఆవిష్కరణ కనిపించదు. జమైకా నుంచి బ్రిటన్‌కు వలస వెళ్లిన కుటుంబాలతో పాటు ఆ సౌండ్ సిస్టమ్ సంప్రదాయం, గోడలంత స్పీకర్ల వరుసలు, లండన్ చేరాయి.

స్టెప్ అనేది టూ స్టెప్ గరాజ్ నుంచి వచ్చింది. 1990ల చివర లండన్ క్లబ్బుల్లో వెలిగిన సంగీతం అది. కిక్ అనే పెద్ద డ్రమ్ము దెబ్బ ప్రతి లెక్క మీదా పడకుండా తప్పించి తప్పించి పడుతుంది, అందుకే ఆ కుంటినడక అందం. గొంతులు, తీపి రాగాలు దండిగా ఉంటాయి. 2000 ప్రాంతంలో ఎల్-బీ, జెడ్ బయస్, హార్స్‌పవర్ ప్రొడక్షన్స్ వంటివారు ఆ తీపిని తగ్గించి నీడలు పెంచారు.

ఆ నీడల్లోంచి డబ్‌స్టెప్‌కు రూపమిచ్చినవారిలో చాలామంది దక్షిణ లండన్‌లోని క్రాయ్‌డన్ కుర్రాళ్లు. సర్రే స్ట్రీట్ బజారులో బిగ్ ఆపిల్ అనే రికార్డుల దుకాణం ఉండేది. అక్కడ పనిచేసే డీజే హాచా, ఆ దుకాణం చుట్టూ తిరిగే స్క్రీమ్, బెంగా అనే ఇద్దరు కుర్రాళ్లు. వాళ్లు మీసాలు రాని వయసులోనే ఇంట్లోని కంప్యూటర్ మీద పాటలు కట్టి హాచా చేతికి ఇచ్చేవారు. వాళ్లతో పాటు మాలా, కోకీ, లోఫా. 2001లో లండన్‌లో మొదలై, తర్వాత ప్లాస్టిక్ పీపుల్ అనే చిన్న నేలమాళిగ క్లబ్బుకు మారిన ఫార్వర్డ్ రాత్రులూ, దొంగ ప్రసారాల రేడియోగా మొదలైన రిన్స్ ఎఫ్ఎమ్మూ ఈ పాటలకు ఆశ్రయమిచ్చాయి.

ఇక్కడ డబ్‌ప్లేట్ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. కొత్త పాట తయారు కాగానే దాన్ని ఒక కోత స్టూడియోకు తీసుకెళ్లి, లాకర్ అనే పూత పూసిన అల్యూమినియం పళ్లెం మీద గాడి కోయించుకునేవారు. ఒక్క ప్రతి. పాట బజారులోకి రావడానికి నెలలు పట్టవచ్చు, అసలు రాకపోనూ వచ్చు. ఈలోగా ఆ పాట వినాలంటే ఆ పళ్లెం ఉన్న డీజే వాయించే చోటికి వెళ్లాల్సిందే. పైగా ఆ పూత మెత్తనిది. సూది తిరిగిన ప్రతిసారీ కొంత అరుగుతుంది, ముందుగా పై స్వరాల మెరుపు పోతుంది. అంటే వాయించిన ప్రతిసారీ పాట కొంచెం ఖర్చవుతుంది. జనం కేకలు పెడితే డీజే పళ్లాన్ని వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి వేసేవాడు. అరిగిపోయే వస్తువును అలా రెండోసారి వాయించడంలోని ఔదార్యాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ఆ గదిలో ఉండి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

2005లో మాలా, కోకీ, లోఫా బృందం బ్రిక్స్‌టన్‌లో, ఒక చర్చి కట్టడంలో నడిచే క్లబ్బులో డీఎంజెడ్ రాత్రులు మొదలుపెట్టింది. బేస్ బరువు మీద ధ్యానం చేయడానికి రమ్మని వాళ్ల పిలుపు. 2006 జనవరిలో బీబీసీ రేడియో 1లో మేరీ ఆన్ హాబ్స్ ఈ కళాకారుల్లో పలువురిని ఒకే కార్యక్రమంలోకి తెచ్చింది. మార్చిలో డీఎంజెడ్ తొలి వార్షికోత్సవానికి జనం పట్టక, కార్యక్రమాన్ని పెద్ద హాలులోకి మార్చవలసి వచ్చింది.

కొత్తగా వినేవారికి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమంటే, నేను రెండు తలుపులు చూపిస్తాను. మొదటిది 2005లో వచ్చిన స్క్రీమ్ పాట ‘మిడ్‌నైట్ రిక్వెస్ట్ లైన్’. చిన్న చిన్న సింథ్ స్వరాల వరుస ఒకటి మీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది. దాన్ని పట్టుకుని వెళితే అడుగు బేస్ తనంతట తానే ఎదురవుతుంది.

రెండోది బరియల్ 2007 ఆల్బం ‘అన్‌ట్రూ’. ఇది చాలా వరకు గరాజ్ నడకకు దగ్గరగా ఉంటుంది, పాఠ్యపుస్తకపు డబ్‌స్టెప్ కాదు. అయినా నేను దీన్నే ముందు చెబుతాను. డ్రమ్ములను కంప్యూటర్ గడుల్లో కొలిచి పేర్చే పద్ధతిని వదిలేసి, తెర మీద ధ్వని తరంగం బొమ్మను చూస్తూ కంటి కొలతతో అమర్చుకున్నానని బరియల్ చెప్పాడు. అందుకే ఆ దెబ్బలు గడియారంలా పడవు. కొన్ని ఒక వెంట్రుకవాసి ముందు, కొన్ని వెనక. పాత పాటల్లోంచి తీసుకున్న గొంతులను సాగదీసి, స్వరం మార్చి, ఆడా మగా తెలియని గొంతులు చేశాడు. చుట్టూ రికార్డు మీది చిటపటలు, వాన చప్పుడు. రాత్రి ఆఖరి బస్సులో, తడిసిన అద్దానికి తల ఆనించి ఎవరో తమలో తాము పాడుకుంటున్నట్టు ఉంటుంది. దీన్ని హెడ్‌ఫోన్లలో, ఒంటరిగా, వరుస మార్చకుండా వినండి. ఒక పాట అక్కడ, ఒక పాట ఇక్కడ వింటే దీని సగం అందం పోతుంది.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న. డబ్‌స్టెప్ అంటే ఆ యంత్రాలు గర్జించే సంగీతం కదా? ఆ గర్జన కూడా ఈ ఇంటి బిడ్డే. సింథసైజర్‌లో చెవికి వినబడనంత నెమ్మదిగా ఊగే ఒక తరంగం ఉంటుంది. దాన్ని స్వరాలను వడకట్టే ఫిల్టర్‌కు కలిపితే, బేస్‌లోని పై స్వరాలు వావ్ వావ్ అంటూ తెరుచుకుని మూసుకుంటాయి. దాన్నే వాబుల్ అంటారు. కోకీ, రస్కో, కాస్పా వంటి బ్రిటిష్ కళాకారులే ముందుగా దాన్ని పదునుపెట్టారు. 2010లో అమెరికాకు చెందిన స్క్రిలెక్స్ దాన్ని ప్రపంచమంతటా మోగించాడు, 2012లో మూడు గ్రామీలు అందుకున్నాడు. అతని శబ్ద నిర్మాణంలోని నైపుణ్యాన్ని నేను మనసారా గౌరవిస్తాను. కానీ అక్కడ బలమంతా అడుగు నుంచి మధ్య స్వరాల్లోకి ఎక్కింది, ఖాళీ నిండిపోయింది. ఫోనులో కూడా బాగా వినిపించే డబ్‌స్టెప్ అది. మీరు అది ఒక్కటే విని ఈ సంగీతాన్ని వదిలేసి ఉంటే, ఇంకా సగం కూడా వినలేదని మాత్రం చెప్పగలను.

ఇక్కడి నుంచి దారులు చాలా ఉన్నాయి. మాటల పదును ఇష్టమైతే, అదే 140 వేగంలో నడిచే లండన్ ర్యాప్ సంగీతం గ్రైమ్ వినండి. డిజీ రాస్కల్ 2003లో బ్రిటన్‌లోని మెర్క్యురీ సంగీత బహుమతి గెలిచిన మొదటి ఆల్బంతో మొదలుపెట్టండి. వెనక్కి వెళ్లాలంటే, వేగపు డ్రమ్ముల సంగీతం జంగిల్. అందులో చాలా పాటలకు వెన్నెముక 1969లో విన్‌స్టన్స్ బృందపు డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ వాయించిన నాలుగే నాలుగు ఆవర్తాలు, ఏడు సెకన్లకు మించదు. దాన్ని ముక్కలుగా కోసి, వేగం పెంచి, వేల పాటలు కట్టారు. ఆ వేల పాటల డబ్బులో కోల్‌మన్‌కు ఏమీ దక్కలేదు. 2006లో ఆయన చనిపోయాడు. ఆ ముక్క వినబడినప్పుడల్లా ఆయన పేరు తలచుకోవడం నాకు అలవాటైంది, మీరూ తలచుకోండి.

వినే పద్ధతి గురించి ఒక్క మాట. శబ్దం పెంచడం, అడుగు స్వరం వినడం రెండూ ఒకటి కాదు. మంచి హెడ్‌ఫోన్లలో తక్కువ శబ్దంతోనే సబ్‌బేస్ తెలుస్తుంది. క్లబ్బుకో కచేరీకో వెళితే చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోండి. అవి ఎక్కువగా పై స్వరాలను ఆపుతాయి. బేస్ ఎలాగూ ఛాతీలోంచి, కాళ్లలోంచి లోపలికి వస్తుంది. పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇక నా మాటలు ఆపుతాను. మొదట విన్న పాటను ఈసారి మొత్తం వేయమని చెప్పాను, దీపాలు తగ్గించమని కూడా. కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి ఉంచండి. మొదటి నిమిషం దాదాపుగా ఏమీ జరగదు, హైహ్యాట్లు మాత్రమే ఉంటాయి. లెక్కపెడుతూ ఉండండి. మూడో లెక్క మీద దెబ్బ పడుతుంది. ఆ వెంటనే, కింద నుంచి.