వాక్కెడ్ కాదు, వాక్డ్ కాదు: ఇంగ్లీషు భూతకాలం వెనక ఉన్న సంధి

'వాక్' అనే ఇంగ్లీషు క్రియకి భూతకాలం ఎలా పలుకుతారు? క్లాసుల్లో వినిపించేవి రెండు: వాక్కెడ్, వాక్డ్. రెండూ తప్పే. అంతకంటే చిరాకు తెప్పించేది, ఎందుకని పిల్లలడిగితే వచ్చే జవాబు: "ఇంగ్లీషుకి రూలు లేదమ్మా, బట్టీ పట్టు." రూలుంది. సంధులు చదివిన రోజుల్లోనే మీకది సగం వచ్చేసింది.

[తెర మీద: వాక్ + దేవి = వాగ్దేవి]

ఇక్కడ క్ కాస్తా గ్ ఎందుకైంది? పక్కన ద ఉంది కనుక. క పలికేటప్పుడు గొంతులో స్వరతంత్రులు కంపించవు, అది శ్వాసం. ద కి కంపిస్తాయి, అది నాదం. రెండూ పక్కపక్కన పడితే ఒకటి సర్దుకోవాలి. వాగ్దేవిలో ముందున్నది సర్దుకుంది. అదే వాక్పటిమలో చూడండి: ప కూడా శ్వాసమే, క్ మారాల్సిన పనే లేదు.

ఇప్పుడు ఇంగ్లీషు వాక్. అచ్చులో తేడా ఉంది, ఇవాళ్టికి వదిలేద్దాం. వాక్ + డ్. అదే క్, అదే తగాదా. కానీ ఇక్కడ తగ్గేది వెనకది. క్ కదలదు, డ్ వెళ్లి ట్ అవుతుంది: వాక్ట్.

కంపనం ఎలా తెలుస్తుంది? గొంతుముడి మీద రెండు వేళ్లు ఆనించి స్‌స్‌స్ అనండి. ఆపకుండా దాన్నే 'జూ' మొదట్లో వచ్చే ధ్వనిలోకి మార్చండి. వేళ్ల కింద జుమ్మంటుంది. చాలామంది బోల్తా పడేది ఎక్కడంటే, 'క' అని పరీక్షిస్తారు. అందులో అకారం ఉంది, అచ్చులు నాదాలు, కాబట్టి క కూడా కంపించినట్టే తోస్తుంది. సాగదీయగలిగే జంటలతోనే మొదలుపెట్టండి.

ఇక సూత్రం. క్రియ చివరి ధ్వని వినండి, అక్షరం చూడకండి. 'లాఫ్' స్పెల్లింగు చివర జి-హెచ్ ఉన్నా వినిపించేది ఫ్, శ్వాసం. అందుకే లాఫ్ట్. స్టాప్ట్, వాష్ట్, వాచ్ట్ అన్నీ వాక్ట్ బాపతే. నాదంతో ముగిస్తే డ్‌కి ఏ ఇబ్బందీ లేదు: బెగ్డ్, కాల్డ్, ప్లేడ్. మరి చివర ట్ గానీ డ్ గానీ ఉంటే? ట్ పక్కన ఇంకో ట్ పెడితే వినపడదు, అందుకని మధ్యలో చిన్న ఇకారం: వాంటిడ్, నీడిడ్. నమ్మకం కుదరకపోతే 'మిస్' భూతకాలాన్నీ, పొగమంచుకి వాడే 'మిస్ట్'నీ నిఘంటువులో పక్కపక్కన పెట్టి చూడండి. ఉచ్చారణ ఒక్కటే.

వాక్కెడ్ ఎందుకు పుడుతుంది? కళ్లకి ఇ-డి కనిపిస్తోంది. పైగా తెలుగు అజంత భాష, మాట చివర రెండు హల్లుల్ని గాల్లో వదిలేయడం మన నోటికి అలవాటు లేదు. కాబట్టి మాటని ఒంటరిగా పలికించకండి, వెనక అచ్చుతో మొదలయ్యేది తగిలించండి. వాక్ట్ ఇన్, కలిపితే వాక్టిన్. ట్ ఆనుకోడానికి అచ్చు దొరికింది, హాయిగా వస్తుంది. పదిసార్లయ్యాక 'ఇన్' తీసేయండి.

ట్, డ్, ఇడ్: రూపాలు మూడు, అర్థం ఒకటే. ఆ అర్థాన్ని మోసే ముక్క పేరు పదాంశం, దాని మూడు రూపాలూ సపదాంశాలు. ముందు నిర్వచనం రాసి తర్వాత ఉదాహరణ ఇచ్చే పద్ధతి నాకసలు నచ్చదు. వాక్ట్ నోట్లో కుదిరాక పేరు చెప్పండి చాలు.

టైమైపోతోంది, గబగబా. బహువచనం ఎస్‌దీ ఇదే కథ. క్యాట్స్‌లో స్. డాగ్ నాదం కనుక డాగ్జ్, జూ లోని జ్. బుసకొట్టే ధ్వనుల తర్వాత ఇజ్: బసిజ్, వాచిజ్. వాచ్ గమనించారా, భూతకాలంలో ట్, ఇక్కడ ఇజ్! చ్ బుసకొడుతుంది కనుక ఇక్కడ ఇజ్, అది ట్ గానీ డ్ గానీ కాదు కనుక అక్కడ ఇడ్ రాదు మరి.

మాట వినని విశేషణాలు కొన్నున్నాయి: నేకిడ్, వికిడ్. 'లర్న్' క్రియైతే లర్న్డ్, పండితుడికి విశేషణమైతే లర్నిడ్. జాబితా తెర మీద ఉంది, వీడియో ఆపి రాసుకోండి.