క్వార్టర్‌బ్యాక్ కాళ్లకు అంత విలువ ఉందా? కాలేజ్ ఫుట్‌బాల్‌లో పరుగు లెక్క

[తెర మీద: అట్లాంటా, మెర్సిడెస్-బెంజ్ స్టేడియం, 2018 జనవరి 8. స్కోరు: జార్జియా 13, అలబామా 0]

అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ నేషనల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్, హాఫ్ టైమ్. అలబామా క్వార్టర్‌బ్యాక్ (ఆటని నడిపించే, పాసులు విసిరే ఆటగాడు) జేలెన్ హర్ట్స్ అప్పటికే 47 యార్డులు పరిగెత్తాడు. పాసుల దగ్గరే వచ్చింది తంటా. 8 వేస్తే 3 అందాయి, మొత్తం 21 యార్డులు. స్టార్టర్‌గా రెండు సీజన్లలో అతను చూసిన ఓటములు రెండే. అయినా కోచ్ నిక్ సేబన్ అతన్ని పక్కన కూర్చోబెట్టి, టూవా టగోవైలోవా అనే మొదటి ఏడాది కుర్రాణ్ని (ఫ్రెష్‌మన్) దింపాడు.

మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. అక్కడ అలబామా మొదటి ప్రయత్నంలోనే టూవాని పడగొట్టి 16 యార్డులు వెనక్కి నెట్టారు. సెకండ్ డౌన్, అంటే రెండో ప్రయత్నం, ఇంకా 26 యార్డులు కావాలి. ఆ తర్వాతి బంతినే డెవాంటా స్మిత్‌కి 41 యార్డుల పాస్‌గా వేశాడు. టచ్‌డౌన్, అంటే బంతి అవతలి చివరి గీత దాటింది. అలబామా 26, జార్జియా 23.

పరిగెత్తేవాడిని తీసేసి, విసిరేవాడిని పెడితే కప్పు వచ్చింది. మరి కాలేజ్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌కి పరుగు అంత ముఖ్యం కాదా? చాలా ముఖ్యం. కాకపోతే మనం దాన్ని కొలిచే పద్ధతిలోనే పొరపాటుంది. ఈ వీడియోలో చూడబోయేది అదే.

[తెర మీద: మైదానం బొమ్మ, 11 మంది ఎరుపు, 11 మంది నీలం]

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క నిమిషం. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లల్లో చాలామంది శనివారం అయ్యేసరికి క్యాంపస్ మొత్తం ఎందుకు స్టేడియం వైపు నడుస్తుందో అర్థంకాక చూస్తుంటారు. ఆట ప్రాథమిక సూత్రం తేలికే. నాలుగు ప్రయత్నాల్లో 10 యార్డులు ముందుకు వెళ్లాలి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు, అందులో జరిగేదే ఒక ఆట. ప్రతి డౌన్‌లో దాదాపుగా బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. దాన్ని అతను విసరొచ్చు, పక్కనున్న రన్నింగ్ బ్యాక్‌కి ఇవ్వొచ్చు, లేదా తానే పట్టుకుని పరిగెత్తొచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. రెండు వైపులా పదకొండు మందే. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్‌కి ఇచ్చేసి ఊరికే నిలబడితే ఏమవుతుంది? బంతి పట్టుకున్నవాడు ఒకడు, చూస్తూ నిలబడ్డవాడు ఒకడు. అడ్డుకోవడానికి మిగిలింది తొమ్మిది మంది. అవతల డిఫెన్స్ పదకొండు మంది. అంటే ఆట మొదలవకముందే ఇద్దరు తక్కువ.

[తెర మీద: ఎడమ చివర ఒక్క నీలం ఆటగాడి చుట్టూ గుండ్రటి గీత]

ఈ తేడా తగ్గించిన ఎత్తు పేరు జోన్ రీడ్. 1990ల మొదట్లో వెస్ట్ వర్జీనియాలోని గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీలో రిచ్ రోడ్రిగ్వెజ్ కోచ్‌గా ఉన్నప్పుడు ఇది పుట్టిందని చెబుతారు. ఒకరోజు ప్రాక్టీసులో క్వార్టర్‌బ్యాక్ చేతిలో బంతి తడబడి, రన్నింగ్ బ్యాక్‌కి ఇవ్వడం కుదరలేదు. ఇక తప్పక తానే పరిగెత్తాడు. పరిగెత్తింది మాత్రం గుడ్డిగా కాదు. డిఫెన్స్ వరస చివర ఉన్న డిఫెన్సివ్ ఎండ్ రన్నింగ్ బ్యాక్ వెంట లోపలికి దూసుకెళ్లడం గమనించి, అతను ఖాళీ చేసిన వైపుకి వెళ్లాడు. అలా ఎందుకు వెళ్లావని కోచ్ ఆరా తీశాడు. ఆ జవాబులోంచే ఒక పద్ధతి తయారైంది.

పద్ధతి ఇది: ఆ ఎండ్‌ని ఎవరూ అడ్డుకోరు, కావాలనే వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి, చూపు మాత్రం ఎండ్ భుజాల మీద ఉంచుతాడు. ఎండ్ లోపలికి తిరిగాడా, బంతి లాక్కుని బయటికి పరుగు. కదలకుండా బయటే నిలబడ్డాడా, బంతి రన్నింగ్ బ్యాక్‌కే. ఎండ్‌కి ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతన్ని ఎవరూ తాకరు, కానీ అతను ఆటలో లేనట్టే. అతన్ని ఆపాల్సిన లైన్‌మన్ (ముందు వరసలో అడ్డుకునేవాడు) ఇప్పుడు ఇంకొకడి మీదకి వెళ్లొచ్చు.

ఇందులో అసలు విషయం ఏమిటంటే, క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తకపోయినా ఇది పనిచేస్తుంది. పరిగెత్తగలడన్న భయం ఉంటే చాలు. మ్యాచ్ మొత్తంలో అతను బంతి ఉంచుకున్నది నాలుగుసార్లే కావొచ్చు. కానీ ఆ భయంతో ఒక డిఫెండర్ ముప్పై ఆటల్లో అరక్షణం ఆగిపోతే, ఆ లాభం రన్నింగ్ బ్యాక్ ఖాతాలో పడుతుంది. క్వార్టర్‌బ్యాక్ గణాంకాల్లో ఎక్కడా కనిపించదు.

[తెర మీద: రెండు మైదానాలు పక్కపక్కన, మధ్యలో చుక్కల గీతలు]

ఇది ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ కన్నా కాలేజీలో ఎందుకు బాగా చెల్లుతుంది? నా ఉద్దేశంలో మైదానమే పెద్ద కారణం. బంతిని ఎక్కడ పెట్టి ఆట మొదలుపెట్టాలో చెప్పే హ్యాష్ గీతల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో 18న్నర అడుగులే. మైదానం వెడల్పు రెండుచోట్లా 160 అడుగులు. కాలేజీలో బంతి ఒక హ్యాష్ మీద ఉంటే ఒక పక్క 20 యార్డులు, రెండో పక్క 33 యార్డులు. ఆ 33 యార్డుల ఖాళీలోకి వేగంగా పరిగెత్తగల క్వార్టర్‌బ్యాక్ దూరితే, అక్కడున్న డిఫెండర్ పాస్ అందకుండా చూడాలా, పరుగుని ఆపాలా?

రూల్ కూడా సాయం చేస్తుంది. పాస్ వేసే ఆటలో లైన్‌మన్ ముందుకు వెళ్లే హద్దు ఎన్ఎఫ్ఎల్‌లో ఒక యార్డు, కాలేజీలో మూడు. లైన్ మొత్తం పరుగు కోసమే కదులుతున్నట్టు కనిపిస్తుంటే, క్వార్టర్‌బ్యాక్ అదే ఆటలో పాస్ వేయొచ్చు. ఆపైన వీళ్లంతా విద్యార్థులు. సీజన్‌లో జట్టు పనికి వారానికి 20 గంటలే అని కాలేజీ క్రీడలని నడిపే ఎన్‌సీఏఏ పరిమితి. ఆ కొద్ది టైమ్‌లోనే ఒక వారం పాస్ టీమ్‌కి, ఇంకో వారం ఆప్షన్ టీమ్‌కి (జోన్ రీడ్ లాగా డిఫెండర్‌ని చూసి బంతి ఇవ్వాలా, ఉంచుకోవాలా తేల్చుకునే జట్టు) సిద్ధమవ్వాలి.

[తెర మీద: పాసడీనా, రోజ్ బౌల్, 2006 జనవరి 4]

కాళ్లతో కప్పు గెలిచిన రాత్రి చూడాలంటే ఇదే. 34 మ్యాచ్‌లుగా ఓటమి లేని యూఎస్‌సీ మీద టెక్సస్. స్కోరు 38-33, టెక్సస్ వెనకబడి ఉంది. బంతి 8 యార్డుల గీత దగ్గర. ఫోర్త్ డౌన్, కావాల్సింది 5 యార్డులు. ఇది పోతే మ్యాచ్ పోయినట్టే. టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ స్నాప్ (ఆట మొదలుపెడుతూ వెనక్కి ఇచ్చే బంతి) అందుకున్నాడు. పాస్ కోసం చూశాడు, ఎవరూ దొరకలేదు. కుడివైపు ఖాళీ కనిపించింది. పెద్ద పెద్ద అంగలతో మూల జెండా దగ్గర లోపలికి వెళ్లిపోయాడు. ఇంకా మిగిలింది 19 సెకన్లు. ఆ తర్వాతి రెండు పాయింట్ల ప్రయత్నం కూడా కాళ్లతోనే. 41-38.

ఆ రాత్రి అతను పరిగెత్తింది 200 యార్డులు. అందరికీ గుర్తున్న అంకె ఇదే. అదే మ్యాచ్‌లో 40 పాసుల్లో 30 అందించాడు, 267 యార్డులు. ఈ రెండో అంకెని మర్చిపోకండి. పాస్ భయం లేకపోతే ఆ మూల అంత ఖాళీగా ఉండేది కాదు.

[తెర మీద: డెనార్డ్ రాబిన్సన్, మిషిగన్, 2010. 1,702 యార్డులు]

పరుగే సరిపోతుందనుకునేవాళ్లు ఈ సీజన్ చూడాలి. డెనార్డ్ రాబిన్సన్ ఒక్క ఏడాదిలో 1,702 యార్డులు పరిగెత్తాడు. క్వార్టర్‌బ్యాక్‌లలో అప్పటికి అదే రికార్డు. అతను బంతి పట్టుకున్న ప్రతిసారీ స్టేడియం లేచి నిలబడేది. అంత చేసినా మిషిగన్ 7 గెలిచి 6 ఓడింది. జోన్ రీడ్ తయారుచేసిన రోడ్రిగ్వెజే అక్కడ కోచ్, ఆ సీజన్ తర్వాత అతని ఉద్యోగమూ పోయింది.

రెండో చివర అలబామా క్వార్టర్‌బ్యాక్ మ్యాక్ జోన్స్. 2020 అలబామా ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఛాంపియన్ అయింది. సీజన్ మొత్తంలో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ పరుగు 14 యార్డులు. పద్నాలుగే. పాసుల్లో నూటికి 77కి పైగా అందించాడు.

ఈ 14 గురించి ఒక మాట చెప్పాలి, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. కాలేజీ లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్‌ని పాస్ వేయకముందే పడగొడితే, ఆ నష్టాన్ని అతని పరుగులోంచే తీసేస్తారు. ఎన్ఎఫ్ఎల్‌లో అలా కాదు. ఒకడు పదిసార్లు పరిగెత్తి 60 యార్డులు తెచ్చి, నాలుగుసార్లు పడి 28 పోగొట్టుకుంటే, పేపర్లో వచ్చేది 32. కాబట్టి ఆ గడి చూసి ఇతనికి కాళ్లు లేవని తేల్చేయకండి.

పడగొట్టడం అంటే ఇంకోటి. కాళ్లున్నవాడు తప్పించుకుంటాడు కాబట్టి తక్కువసార్లు దొరుకుతాడని మనకి అనిపిస్తుంది. తప్పించుకోగలనన్న ధైర్యంతోనే బంతిని ఎక్కువసేపు చేతిలో ఉంచుకునేవాళ్లూ ఉంటారు. 2016లో లూయివిల్ క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ హైస్మన్ ట్రోఫీ (కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు) గెలిచిన సీజన్‌లోనే, హ్యూస్టన్ అతన్ని ఒక్క మ్యాచ్‌లో 11 సార్లు పడగొట్టింది. ముందున్న లైన్ కూలిపోతుంటే ఎంతటి కాళ్లయినా ఎంతసేపని కాపాడతాయి?

దెబ్బల సంగతి కూడా తేలిగ్గా తీసుకోకూడదు. 2010 జనవరి ఫైనల్‌లో టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్ మొదటి క్వార్టర్ మొదట్లోనే బంతి పట్టుకుని పరిగెత్తాడు. ఎదురుగా అలబామా లైన్‌మన్ తగిలాడు. చూడ్డానికి మామూలు దెబ్బే, కానీ విసిరే చెయ్యి మొద్దుబారిపోయింది. తిరిగి రాలేకపోయాడు. టెక్సస్ 37-21తో ఓడింది. నాలుగేళ్లు కష్టపడి చేరుకున్న ఫైనల్‌ని ఆ కుర్రాడు పక్కన నిలబడి చూశాడు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

[తెర మీద: జార్జియా సదర్న్ 26, ఫ్లోరిడా 20. అందిన పాసులు: 0]

మరి పరుగు ఎవరికి ఎక్కువ అవసరం? బలం తక్కువ ఉన్న జట్టుకి. ఇది నా గట్టి అభిప్రాయం. 2013లో కింది డివిజన్ జట్టు జార్జియా సదర్న్ ఫ్లోరిడా సొంత మైదానానికి వెళ్లి గెలిచింది. ఆ రోజు వాళ్లు మూడు పాసులు వేశారు, ఒక్కటీ అందలేదు. పరుగు మాత్రం 429 యార్డులు. మిలిటరీ కాలేజీలు ఆర్మీ, నేవీ ఏళ్ల తరబడి ఆప్షన్ ఆట ఆడటానికి కారణమూ ఇదే. మూడొందల పౌండ్ల మంచి లైన్‌మన్లు దొరకని చోట, ఎదుటివాళ్లలో ఒకరిద్దరిని తాకకుండానే ఆటలోంచి తప్పించే క్వార్టర్‌బ్యాక్ ఆ లోటు పూడుస్తాడు. నేవీ క్వార్టర్‌బ్యాక్ కీనన్ రేనాల్డ్స్ అలా కెరీర్‌లో 88 సార్లు బంతితో పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు.

[తెర మీద: 2018 డిసెంబర్ 1, అట్లాంటా, ఎస్ఈసీ (అలబామా, జార్జియా ఆడే లీగ్) ఫైనల్. జార్జియా 28, అలబామా 21]

పెద్ద జట్ల దగ్గర లెక్క వేరు. హర్ట్స్ కథ ఆ జనవరితో ఆగిపోలేదు. వేరే కాలేజీకి వెళ్లిపోకుండా టూవా వెనక బెంచ్ మీద కూర్చున్నాడు. పదకొండు నెలల తర్వాత అదే స్టేడియం, ఎదురుగా అదే జార్జియా. నాలుగో క్వార్టర్‌లో టూవా చీలమండకి దెబ్బ తగిలింది. హర్ట్స్ లోపలికి వచ్చాడు.

అప్పుడు అతను ఏం చేశాడో చూడండి. ముందు పాసులు వేశాడు. 9 వేస్తే 7 అందాయి. 10 యార్డుల టచ్‌డౌన్ పాస్‌తో స్కోరు సమం చేశాడు. మధ్యలో జార్జియా ఒక పన్నాగం పన్నింది. పంట్ (బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకి ఇచ్చేయడం) చేస్తున్నట్టు నటించి, వేగంగా పరిగెత్తే ఫ్రెష్‌మన్ క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్ చేతికి బంతి ఇచ్చింది. కావాల్సింది 11 యార్డులు, అలబామా వాళ్లు ఆపేశారు. ఫీల్డ్స్ పరుగు గొప్పదే, కానీ ఆ క్షణంలో అతను పరిగెత్తుతాడని స్టేడియంలో అందరికీ తెలిసిపోయింది. కొద్దిసేపటికి, నిమిషం పైచిలుకు మిగిలి ఉండగా, హర్ట్స్ 15 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 35-28. అప్పటికి డిఫెన్స్ అతని పాస్‌ని కూడా నమ్మడం మొదలుపెట్టింది, అందుకే ఆ దారి తెరుచుకుంది.

[తెర మీద: 2025 జనవరి 20. ఒహాయో స్టేట్ 34, నోటర్ డామ్ 23]

ఈమధ్య దీన్ని ఇంకా కళ్లకు కట్టినట్టు చూపించిన మ్యాచ్ ఇది. నోటర్ డామ్ మొదటి డ్రైవ్ (బంతి తమ దగ్గర ఉన్నంతసేపు ఆడే వరస ఆటలు) 18 ఆటలు, దాదాపు పది నిమిషాలు. అందులో క్వార్టర్‌బ్యాక్ రైలీ లెనార్డ్ తానే తొమ్మిదిసార్లు బంతితో గుద్దుకుంటూ వెళ్లి, చివరికి టచ్‌డౌన్ చేశాడు. బయటికొచ్చి సైడ్‌లైన్ దగ్గర వాంతి చేసుకున్నాడు. అంత కష్టం. తర్వాత ఒహాయో స్టేట్ వరసగా 31 పాయింట్లు చేసింది. దాని క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ మొదటి 13 పాసులూ అందించాడు. అతనూ ఆ రాత్రి 57 యార్డులు పరిగెత్తాడు, కానీ అతని పరుగు పాస్‌కి తోడుగా వచ్చింది.

అందుకని వచ్చే శనివారం మ్యాచ్ పెట్టుకున్నప్పుడు మొత్తం యార్డులు పక్కన పెట్టండి. థర్డ్ డౌన్, ఇంకా ఆరేడు యార్డులు కావాలి అన్నప్పుడు డిఫెన్స్ మధ్యలో ఉన్న లైన్‌బ్యాకర్‌ని చూడండి. పాస్ అందుకునేవాళ్లెవరి వెంటా పడకుండా, ముందుకు రాకుండా, క్వార్టర్‌బ్యాక్ ఎటు కదిలితే అటు కదులుతుంటే అతన్ని స్పై అంటారు. ఒక మనిషిని దానికే కేటాయించారంటే పాస్ ఆపడానికి ఒకడు తగ్గాడు. ఆ తగ్గిన చోటుని మీ క్వార్టర్‌బ్యాక్ కనిపెట్టి అక్కడికి బంతి వేయగలుగుతున్నాడా? వేస్తుంటే, అతను ఆ రోజు ఒక్క యార్డు పరిగెత్తకపోయినా కాళ్లు పనిచేసినట్టే. మీరు చూసే జట్టు ఏది, దాని క్వార్టర్‌బ్యాక్ మీద స్పైని పెడుతున్నారా లేదా, కామెంట్లలో రాయండి.