బరువు లేని చోట గుంజీలు

అందరికీ నమస్కారం. అంతరిక్షంలో వ్యాయామం అనగానే చాలామంది అడిగేది ఒకటే: బరువే లేని చోట బరువులు ఎత్తడం ఎలా? నన్నడిగితే, ఎంత ఎత్తాలన్నదే అసలు చిక్కు.

ఒక గుంజీ తీసుకుందాం. 70 కిలోల మనిషి భుజాల మీద 50 కిలోల బార్ పెట్టుకుని గుంజీ తీస్తున్నాడు. కాళ్లు మోస్తున్నది 50 కిలోలేనా? మోకాళ్ల దిగువ భాగం పోను మిగిలిన ఒళ్లంతా, అంటే మరో 60 కిలోలు, బార్‌తో పాటే దిగి లేస్తోంది. అదే మనిషి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉంటే ఆ 60 లెక్కలోంచి ఎగిరిపోతాయి. అక్కడ గురుత్వాకర్షణ లేదనుకోకండి. 400 కిలోమీటర్ల ఎత్తులోనూ నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. కేంద్రమూ మనిషీ కలిసి భూమి వైపు పడుతూనే ఉంటారు కనుక బరువు తెలియదు, అంతే. కాబట్టి అక్కడ బార్ మీద 110 కిలోలు పెడితేనే ఇక్కడి గుంజీకి సమానం.

కేంద్రంలో మొదట వాడిన రబ్బరు పరికరం సుమారు 136 కిలోలకు మించి బలం ఇచ్చేది కాదు. అందులోంచి ఒంటి బరువు తీసేస్తే మిగిలేదెంత? ఆ చాలీచాలని మోత వల్ల, వ్యాయామం చేస్తున్నా తుంటి ఎముకలు నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం చొప్పున సాంద్రత కోల్పోయేవి.

2008లో ఏరెడ్ అనే యంత్రం వెళ్లింది. ఇందులో ఇనుప పళ్లాలు ఉండవు. బార్ ఎత్తితే గాలి తీసేసిన సిలిండర్లలోని పిస్టన్లు 272 కిలోల దాకా వెనక్కి గుంజుతాయి. నాకు ముచ్చటగొలిపేది దానిలోని ఫ్లైవీల్, అంటే గిరగిరా తిరిగే బరువైన చక్రం. నిజమైన బార్‌కు జడత్వం ఉంటుంది కదా, కదిలించేటప్పుడూ ఆపేటప్పుడూ అది మొరాయిస్తుంది. ఆ మొరాయింపును కూడా ఫ్లైవీల్ తెచ్చిపెడుతుంది. ఏరెడ్ వాడుతూ సరిగా తిన్నవారిలో ఎముకల నష్టం బాగా తగ్గింది.

పరుగు సంగతి ఇంత సజావుగా లేదు. ట్రెడ్‌మిల్ మీద నిలబెట్టడానికి భుజాలనూ నడుమునూ సాగే తాళ్లతో కిందికి లాగాలి. పూర్తి ఒంటి బరువంత లాగితే పట్టీలు ఒరుసుకుని నొప్పి పుడుతుంది, అందుకే చాలామంది తక్కువతోనే సరిపెట్టుకుంటారు. పాదం తాకిడి ఆ మేరకు తగ్గుతుంది. సునీతా విలియమ్స్ 2007లో ఇలా కట్టుకునే బోస్టన్ మారథాన్ దూరం పరుగెత్తారు! చెమట కారదు, ఒంటికే బుడగలా అంటుకుంటుంది, తువ్వాలుతో అద్దుకోవలసిందే.

చంద్రుడి దారిలో వెళ్లే ఓరియన్ నౌకలో ఇంత సరంజామాకు చోటు లేదు. దానికోసం రూపొందించిన ఫ్లైవీల్ పరికరం సుమారు 14 కిలోలు తూగుతుంది. గుంజీలకూ, పడవ తెడ్డు వేసే కసరత్తుకూ అదొక్కటే.