గేదె, కాకి, గ్రాంథికం

అందరికీ నమస్కారం. మన పర్లాకిమిడిలో పిల్లలకి కూడా తెలిసిన మోటు కథ ఒకటి మళ్లీ చెబుతాను. పెద్దలు ఏమీ అనుకోకండి, ఇందులో విషయం ఉంది.

గేదె వీపు మీద కాకి కూర్చుంది. "నా బరువుకి నీ నడుం నొప్పెడుతోందా?" అంది. గేదె తోకెత్తి ఒక్క పిత్తు పిత్తింది. కాకి వెళ్లి చెరువులో పడింది. గేదె వెనక్కి తిరిగి, "ఏమన్నావు? గాలికి వినపడలేదు" అంది.

మా మామ్మ అరుగు మీద చింతపండు ఒలుస్తూ ఇదే కథ ఇలా చెప్పేది: "అంత నమ్మహిషి నిజవాలమును కించిదున్నమితము గావించి, ప్రళయకాల పర్జన్య గర్జనముం బోలు నిర్ఘోషముతో నపానవాయువును విడిచెను. తద్వేగమునకుఁ దాళఁజాలక యవ్వాయసము సరోవరమునం బడియెను."

ఎక్కడా గొంతు తడబడేది కాదు, నవ్వేది కాదు. 1853లో వచ్చిన చిన్నయసూరి నీతిచంద్రికలో నక్కలూ ఎద్దులూ ఆ భాషే మాట్లాడతాయి, ఆవిడ చెవిలో ఉన్నది అదే. మధ్యలో ఒక్క "తోక లేపి" అని జారితే కథ పోతుంది. సంధి సరిగ్గా కుదిరితేనే నవ్వు. చివరి మాట మాత్రం గేదె చేత మామూలు తెలుగులోనే అనిపించేది. పైనుంచి ఒక్కసారిగా కిందకి దిగాలి కదా!

1880లో ఈ ఊరి రాజావారి స్కూల్లో టీచరుగా చేరిన గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. ఆయన పక్షమే నాదీ. పాఠాలు, దరఖాస్తులు మాట్లాడే తెలుగులోనే ఉండాలి. కానీ నవ్వడానికి నాకు గ్రాంథికం కూడా కావాలి.

ఇంకో కారణం ఉంది. 1936 ఏప్రిల్ 1న మన ఊరు ఒడిశాలో కలిసింది. మన పిల్లలు చాలామంది ఒడియాలో చదువుతారు, మన స్నేహితుల్లో సగం మంది ఒడియావాళ్లు. ఒకసారి టీ కొట్టు దగ్గర ఒక ఒడియా మిత్రుడికి ఈ కథ చెప్పాను. గేదె, పిత్తు అంటే తెల్లమొహం వేశాడు. మామ్మ పాఠం అందుకున్నాను. మహిషి, వాయసం, గర్జనం, సరోవరం, అపానవాయువు... అన్నీ వాళ్ల ఇంటి మాటల్లాగే అందాయి. గ్లాసు పట్టుకుని ముందుకి వంగి విన్నాడు. చివర్లో ఆగిపోయాడు.

"గాలి అంటే?"

"పవన" అన్నాను.

అరనిమిషం ఆలస్యంగా నవ్వాడు. టీ సగం చొక్కా మీదే.