మార్కెట్ చెత్త మళ్లీ చేనుకు చేరేదెలా?

స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: వంటిమామిడి ప్రాంత కూరగాయల రైతు, ఆకివీడు ప్రాంత చేపల రైతు, హైదరాబాద్‌లో పనిచేస్తున్న బయోగ్యాస్ ఇంజనీరు.

వ్యాఖ్యాత: నమస్కారం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. చేనుకీ దుకాణానికీ మధ్య పోయింది ఇందులో కలపలేదు. ఇంత పెద్ద అంకె పట్టుకుని మాట్లాడితే చర్చ ఎటూ తేలదు కాబట్టి ఈరోజు ఒక్క మార్కెట్‌నే తీసుకుందాం. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్. అక్కడి చెత్తతో కరెంటు తయారవుతోందని 2021 జనవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో చెప్పాక ఆ సంగతి చాలామందికి తెలిసింది. మేడమ్, ముందు అక్కడ జరిగేదేమిటో చెప్పండి.

ఇంజనీరు: రోజుకు దాదాపు 10 టన్నుల చెత్త. దాన్నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ అని అప్పట్లో చెప్పిన లెక్క. టెక్నాలజీ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీది. కరెంటు మార్కెట్ అవసరాలకు, గ్యాస్ క్యాంటీన్ వంటకు. వినడానికి తేలికగానే ఉంటుంది గానీ ఇలాంటి ప్లాంటు నడపడం ఓపికతో కూడిన పని. ముందు ప్లాస్టిక్ కవర్లు, సుతిలి తాళ్లు, గోనె పీలికలు మనుషులు చేత్తో ఏరేయాలి. తర్వాత ముక్కలు కొట్టి, గుజ్జు చేసి, గాలి చొరబడని ట్యాంకులోకి పంపాలి. కూరగాయల్లో నూటికి 85–90 పాళ్లు నీళ్లే. మిగిలిన పదార్థం ఇట్టే పులుస్తుంది. పులుపు ముదిరితే మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు పని మానేస్తాయి. టమాటా ధర పడిపోయి లోడ్లకు లోడ్లు పారబోసిన రోజున, దొరికింది కదా అని అంతా ట్యాంకులో తోసేస్తే వారాల తరబడి గ్యాస్ రాదు. మోతాదు తగ్గించాలి, పేడ కలపాలి, పులుపును కొలిచే పీహెచ్‌ను 7 దగ్గర నిలబెట్టుకోవాలి.

వ్యాఖ్యాత: 10 టన్నులకు 500 అంటే టన్నుకు 50 యూనిట్లు. గిట్టుబాటవుతుందా?

ఇంజనీరు: కరెంటు బిల్లు ఒక్కటే చూసుకుంటే కాదు. చెత్తను జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దాకా మోసే ఖర్చు తప్పుతుంది, అది ఒకటి. యార్డులో కుళ్లితే పుట్టే మీథేన్, వందేళ్ల లెక్కన చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అదీ తగ్గుతుంది. ఇక ఎరువు. అసలు విలువంతా అందులోనే ఉందని నా నమ్మకం, అందరూ వదిలేస్తున్నదీ దాన్నే. గ్యాస్‌గా పోయేది ముఖ్యంగా కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. మొక్క నేలలోంచి లాక్కున్న నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు మొత్తం గ్యాస్ పోగా ట్యాంకులో మిగిలే చిక్కటి నీళ్లలో, అంటే స్లర్రీలోనే ఉండిపోతాయి. మనది పొటాష్ దిగుమతి చేసుకుంటున్న దేశం. అలాంటిది స్లర్రీ చేను దాకా వెళ్లకపోతే చెత్త సమస్య తీరిందేమో గానీ నేలకు మాత్రం ఏమీ తిరిగి ఇచ్చినట్టు కాదు.

వ్యాఖ్యాత: అన్నా, మీ చేనుకు ఎప్పుడన్నా వచ్చిందా ఆ స్లర్రీ?

కూరగాయల రైతు: రాలే సార్. మా దిక్కు క్యాబేజీ, గోబీ, టమాట అన్నీ పట్నమే పోతయి. గోబీని ఆకుతోనే పంపుతం, పువ్వుకు దెబ్బ తాకకుండ. మార్కెట్‌ల ఆ ఆకు కొట్టి పడేస్తరు. అంటే మా చేను ఆకును మేమే కిరాయి కట్టి పట్నం మోస్తున్నం. వచ్చేటప్పుడు డీసీఎం బండి ఖాళీగ వస్తది. ఇంటికొచ్చి మళ్ల యూరియా కోసం లైన్ల నిలబడతం.

వ్యాఖ్యాత: ఆ ఖాళీ బండిలోనే స్లర్రీ తెచ్చుకుంటే?

కూరగాయల రైతు: యూరియా బస్త 266 రూపాయల 50 పైసలు. 45 కిలోలు, భుజం మీదేసుకొని పోవచ్చు. స్లర్రీ అంటే నీళ్లాయె. ఒక్క బస్తకు ఎన్ని నీళ్లు సమానమో మేడమ్‌నే చెప్పుమనుండ్రి.

ఇంజనీరు: బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. స్లర్రీలో నూటికి అర పాలు ఉందనుకున్నా, అంత నత్రజని కోసం నాలుగు టన్నులకు పైగా మోయాలి. చాలాసార్లు అర పాలు కూడా ఉండదు.

కూరగాయల రైతు: గదే చెప్తున్న. నాలుగు టన్నుల నీళ్లు ఎవడు మోసుకొస్తడు?

ఇంజనీరు: మోయమని నేను అననండీ. స్లర్రీని ప్రెస్‌లో పిండి గట్టి భాగాన్ని వేరుచేయాలి. అది డీసీఎంలో వస్తుంది. నీళ్ల భాగం ప్లాంటు చుట్టుపక్కల నర్సరీలకు, గడ్డి మళ్లకు వాడుకోవాలి. దూరం పంపితే గిట్టదు. గోబర్‌ధన్ అనే పథకం కింద నడిచే బయోగ్యాస్ ప్లాంట్ల ఎరువుకు కేంద్రం 2023లో టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది. అంటే కిలోకు రూపాయిన్నర. యూరియా మీద పెడుతున్న సబ్సిడీ పక్కన పెట్టి చూస్తే ఇది చాలా చిన్నది. రైతుకు ఇష్టం లేదనడం అన్యాయం, ధరల లెక్కే అతన్ని అటు తోస్తోంది.

వ్యాఖ్యాత: చేపల రైతుగారు ఇందాకటి నుంచి ఏదో చెప్పాలనుకుంటున్నారు.

చేపల రైతు: మా దగ్గర ఇది ఏ పథకంతోనూ రాలేదండి. ధాన్యం ఆడిస్తే తవుడొస్తది, అందులో నూటికి 15–20 పాళ్లు నూనె. నూనె తీశాక మిగిలేదాన్ని డీఓబీ అంటాం. అదే మా చేపల మేత. ప్లాస్టిక్ సంచికి అడుగున బెజ్జాలు పెట్టి, డీఓబీలో కాస్త నూనెగింజల చెక్క కలిపి నింపి, చెరువులో పాతిన వెదురు గెడలకు కడతాం. శీలావతి, బొచ్చె వచ్చి ఆ బెజ్జాల దగ్గర పొడుచుకు తింటాయి. కాసేపాగి పడవ మీద వెళ్లి సంచి ఎత్తి చూస్తే చెరువు సంగతి తెలిసిపోద్ది. మేత మిగిలిందంటే నీరు బాగోలేదనో, చేపకు ఒంట్లో బాగోలేదనో అర్థం. మర్నాడు తగ్గిస్తాం. మిల్లులో మిగిలింది అలా చేపయ్యి అస్సాం, బెంగాల్ దాకా పోతోందండి.

వ్యాఖ్యాత: మరి మీ దగ్గర నడిచింది కూరగాయల మార్కెట్‌లో నడవకపోవడానికి కారణమేంటి?

చేపల రైతు: డీఓబీ పొడిగా ఉంటదండి. నిలవుంటది, సంచికెత్తితే లారీలో పోద్ది, ధర పలుకుతది. 2023 జులైలో దాని ఎగుమతి మీద కేంద్రం నిషేధం పెట్టిందంటేనే ఎంత గిరాకీయో చూడండి. కూరగాయ చెత్త సాయంత్రానికే కంపు కొడతది.

ఇంజనీరు: అంతా బాగానే ఉంది గానీ, చెరువు ఖాళీ చేసినప్పుడు ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయండీ? కొల్లేరు రామ్‌సార్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో ఉన్న సరస్సు. మేతలోని భాస్వరం డ్రెయిన్లలో పడి అటే చేరుతోంది. 2006లో సరస్సు లోపలి చెరువుల గట్లు కొట్టించారు. చుట్టూ ఉన్న చెరువుల మురుగు సంగతి మాత్రం అప్పటితో తేలలేదు.

చేపల రైతు: కాదననండి. అడుగు ఒండ్రు తీసి గట్టు మీద కొబ్బరికి, అరటికి వేస్తే కాపు బాగుంటది, వేసేవాళ్లూ ఉన్నారు. కానీ కౌలు చెరువైతే గడువులోపు పట్టుబడి చేసి నీరు దించెయ్యాలనే తొందర. కౌలు నాలుగైదేళ్లకు రాయిస్తే ఎవరి ఒండ్రు వాళ్లే తీసుకుంటారు.

వ్యాఖ్యాత: ఈ మాట విధానాలు రాసేవాళ్లు వినాలి. కౌలు గడువుకీ కొల్లేటి నీటికీ సంబంధం ఉందని మనం సాధారణంగా అనుకోం. మేడమ్, బయటి దేశాల్లో ఏమైనా?

ఇంజనీరు: నైరోబీలో ఇసిపే అనే కీటక పరిశోధన సంస్థ ఉంది. చెత్త తిని పెరిగే బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పురుగులను కోళ్లకు, చేపలకు మేతగా పెట్టడం మీద అక్కడ చాలా పని జరిగింది. పురుగుల్లో ప్రొటీన్ ఎక్కువ. అవి తినగా మిగిలింది పొడిగా ఉంటుంది, చేనుకు మోయడం తేలిక. స్లర్రీకి ఉన్న చిక్కు దానికి లేదు.

చేపల రైతు: బొచ్చెకైతే డీఓబీ ధరకు దగ్గర్లో ఉండాలి. రొయ్యకైతే కాస్త ఎక్కువ పెట్టొచ్చు, దాని మేతలో చేపపొడి ఖరీదెక్కువ.

కూరగాయల రైతు: ఒక్కటి అడుగుత. మీరందరు చెత్త చెత్త అంటున్నరు. గోబీ ఆకు బర్లకు మేత. పొద్దుగాల పాడోళ్లొచ్చి ఏరుకపోతరు. ప్లాంటోళ్లకు రోజుకు ఇన్ని టన్నులని రాసిస్తే ఆ పేదోళ్లను గేటు కాడనే ఆపరా?

ఇంజనీరు: ఆపకూడదు. మనిషి తినగలిగేది ముందు మనిషికి, ఆ తర్వాత పశువుకు, ఇద్దరికీ పనికిరానిదే ట్యాంకుకు. ఒప్పందంలో టన్నుల షరతు పెట్టే ముందు ఈ వరుస రాసుకోవాలి. కాకపోతే కోతకు ముందు మందు కొట్టిన ఆకు పశువులకు వేయడం మంచిది కాదు, మీకూ తెలుసు.

కూరగాయల రైతు: తెలుసు. కోసే ముందు ఎన్ని రోజులు కొట్టొద్దో డబ్బ మీద రాసే ఉంటది. ధర లేచిందంటే ఆగేటోళ్లు తక్కువ.

వ్యాఖ్యాత: చివరగా, మీకు ఒక్క కోరిక తీరేదుంటే ఏమడుగుతారు?

కూరగాయల రైతు: వంటిమామిడి యార్డుల్నే ఆకు కొట్టనీకి జాగ, కటింగ్ మిషన్ పెట్టుండ్రి. ఆకు లేకుంటే పువ్వు నలుగుతదని కొనేటోళ్లు అంటరు, దానికి క్రేట్లు ఇయ్యాలె. ఆ క్రేట్ల పైసలు మా మీద రుద్దొద్దు. ఆకు మా ఊర్లనే ఎరువైతది. పట్నం ఎరువు గూడ డీసీఎంల ఏసుకొస్త. కాని పరీక్ష చేసిన కాయిదం చేతిల పెట్టాలె. దాంట్ల గాజుపెంకు, ప్లాస్టిక్ కనవడ్డదంటే బండి దించ.

ఇంజనీరు: దించకండి. ప్రతి లాట్‌కూ పరీక్ష చేయించి, భార లోహాలు, ప్లాస్టిక్ ఎంత ఉన్నాయో తెలుగులో రాసి సంచికే కుట్టాలి. ఆ ఖర్చు ప్లాంటుదే.