కార్డు ఊళ్లో ఉంది, బియ్యం ఇక్కడ తీసుకోవచ్చా?

యాంకర్: నమస్కారం. ఇబ్బందిలో ఉన్నవాళ్లకి ఉచితంగా తిండి సరుకులిచ్చే ఫుడ్ బ్యాంక్ అనే బోర్డు మన వీధుల్లో పెద్దగా కనిపించదు. రేషన్ షాపు, ఐదు రూపాయల భోజనం, అంగన్‌వాడీ, మనకున్నవి ఇవే. ఉన్నాయని తెలిసి కూడా చాలామంది ఎందుకు వెళ్లడం లేదో ఇవాళ మాట్లాడుకుందాం. అమ్మా, ముందు మీరు చెప్పండి.

భవన నిర్మాణ కూలీ: మాది శ్రీకాకుళం జిల్లా బాబూ. హైదరాబాద్ వచ్చి రెండేళ్లయింది, ఇద్దరం పనికి పోతాం. వానలు పడి పని ఆగిందంటే వారమంతా చేతిలో పైసా ఉండదు. రేషన్ కార్డు ఊళ్లో అత్త దగ్గరుంది. ఇక్కడ షాపుకెళ్తే ఆంధ్రా కార్డు చెల్లదు, మీ ఊరెళ్లి తెచ్చుకోండి అన్నారు. లైన్లో అందరి ముందూ అన్నారు. మళ్లీ వెళ్లలేదు.

రేషన్ డీలర్: అలా అనడం తప్పమ్మా, డీలర్‌గా చెప్తున్నాను. అసలు రాష్ట్రం దాటి రేషన్ తీసుకునే పద్ధతి 2019 ఆగస్టులో మొదట పెట్టిందే మన రెండు రాష్ట్రాల మధ్య, దాంతోపాటు గుజరాత్, మహారాష్ట్రల మధ్య. కార్డు తేనక్కర్లేదు, నంబరు చెప్పి వేలిముద్ర వేస్తే చాలు. ఒక్క మెలిక ఉంది: ఆ కార్డు కేంద్ర ఆహార భద్రత చట్టం కిందిదై ఉండాలి, రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డయితే ఇక్కడ పడదు. అందుకని ముందు మీ ఊరి డీలర్‌కి ఫోన్ చేసి మీది ఏ కార్డో కనుక్కోండి.

యాంకర్: ఎంత వస్తుంది?

రేషన్ డీలర్: మనిషికి నెలకి 5 కిలోలు, 2023 జనవరి నుంచి ఉచితం. మరీ పేద కుటుంబాలకిచ్చే అంత్యోదయ కార్డయితే ఇంటికి 35 కిలోలు. తెలంగాణలో ఇస్తున్న 6 కిలోల సన్నబియ్యం మాత్రం ఇక్కడి కార్డులకే.

భవన నిర్మాణ కూలీ: మేమిక్కడ తీసుకుంటే అక్కడ అత్తకి ఆపేస్తారేమోనని భయం.

రేషన్ డీలర్: ఆపరు. మీ వాటా మీరు, ఆవిడ వాటా ఆవిడ తీసుకోవచ్చు. కాకపోతే ఆవిడ ముందే మొత్తం తీసేసుకుంటే ఆ నెల మీకు మిగలదు, ఇంట్లో మాట్లాడుకోండి.

స్వచ్ఛంద కార్యకర్త: నేనొక మాట చెప్పాలి. అక్క బియ్యం దొరక్క ఆగిపోలేదు, అందరి ముందూ ఆ మాట పడి ఆగిపోయింది. మేం బస్తీల్లో అన్నం పంచేటప్పుడు మొదట్లో ఫోటోలు తీసేవాళ్లం, దాతలకి చూపించాలి కదా అని. ఫోన్ బయటికి తీయగానే ఆడవాళ్లు కొంగు మొహం మీదికి లాక్కునేవాళ్లు. ఆ రోజుతో మానేశాం. ఐదు రూపాయల భోజనం నాకందుకే ఇష్టం. హైదరాబాద్‌లో 2014 నుంచి ఉంది, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్ అంటున్నారు, టిఫిన్ కూడా పెడుతున్నారు. కార్డు అడగరు, పేరు అడగరు, డబ్బిచ్చి తింటున్నామన్న ధైర్యం ఉంటుంది. కాస్త పెందలాడే వెళ్లాలి, ఆలస్యమైతే అయిపోతుంది. ఆంధ్రాలో అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు, అక్కడా పూటకి ఐదే.

యాంకర్: పెళ్లిళ్లలో మిగిలినవి?

స్వచ్ఛంద కార్యకర్త: మిగిలాక అర్ధరాత్రి ఫోన్ చేస్తారండీ. అప్పటికే సాంబారు పులిసిపోయి ఉంటుంది, పిల్లలకి ఎలా పెడతాం? ఆఖరి బంతి మొదలవగానే చెప్తే చాలు, వేడిగా ఉండగానే తీసుకెళ్తాం. మీ పనిచోట గర్భిణులెవరైనా ఉన్నారా అక్కా?

భవన నిర్మాణ కూలీ: ఇద్దరున్నారు.

స్వచ్ఛంద కార్యకర్త: వాళ్లని దగ్గర్లో ఉన్న అంగన్‌వాడీకి పంపండి. రేషన్ కార్డు లేకపోయినా పర్వాలేదు, పేరు రాయిస్తే అన్నం, గుడ్డు, పాలు ఇస్తారు. ఈ నెల ఇక్కడుండి వచ్చే నెల వేరే సైటుకి పోయినా అక్కడ మళ్లీ రాయించుకోవచ్చు.

భవన నిర్మాణ కూలీ: సిమెంటు పని చేసి చేసి మా ఆయన వేళ్లు అరిగిపోయాయి బాబూ, మిషన్ తీసుకోదు. నా వేలు సరిపోతుందా?

రేషన్ డీలర్: కార్డులో మీ పేరుందా?

భవన నిర్మాణ కూలీ: ఉంది.

రేషన్ డీలర్: అయితే మీరే రండమ్మా. రేపు పొద్దున నేను షాపులోనే ఉంటాను.